రోజువారీ ప్రయాణాల్లో పొగ తగ్గించుకోవడం ఎలా?

పర్యావరణానికి మేలు చేసే ప్రయాణం అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది కొత్త విద్యుత్ కారు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు ఇది తమకు సంబంధించిన విషయం కాదనుకుని అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే అందరూ, ఏమీ కొనకుండానే, రేపటి నుంచే మార్చుకోగలిగిన ప్రయాణాలు చాలా ఉన్నాయి. ఇంటికి మూడు నాలుగు కిలోమీటర్ల లోపు, రోజూ అలవాటుగా బండి మీద వెళ్లి వచ్చే పనులే అవి. అందుకే ఈ వ్యాసంలో వాటినే ముందు పెట్టాను. బండి మార్చడం గురించిన మాట దాదాపు చివర్లో వస్తుంది.

మొదట ఒక చిన్న లెక్క చూద్దాం. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కదా, రెండు కిలోలకు పైగా వాయువు ఎక్కడి నుంచి వచ్చిందని అనుమానం రావచ్చు. పెట్రోలులోని కార్బన్ మండుతూ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, పెరిగిన బరువు ఆ ఆక్సిజన్‌ది. డీజిల్ అయితే లీటరుకు సుమారు 2.7 కిలోలు. ఇప్పుడు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో, మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకు ఒకరు రోజూ వెళ్లి వస్తున్నారనుకోండి. ఏడాదిలో 250 పనిదినాలకు 1,500 కిలోమీటర్లు, 100 లీటర్ల పెట్రోలు, 230 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ మూడు కిలోమీటర్లు సైకిల్ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాల దారి.

1. వారం రోజుల ప్రయాణాలు రాసి చూసుకోండి

కాగితం మీదైనా, ఫోనులోనైనా సరే, ఒక వారం పాటు ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎంత దూరం, ఏ బండి మీద, అందులో ఎంతమంది ఉన్నారు అన్నవి రాయండి. దూరాన్ని ఉజ్జాయింపుగా వేయకుండా మ్యాప్‌లో చూసి రాయండి. బండికి అలవాటు పడినవారికి కిలోమీటరున్నర కూడా నడవలేని దూరంగా తోస్తుంది, మ్యాప్‌లో చూస్తే అది ఇరవై నిమిషాల్లోపు నడక అని తెలుస్తుంది.

వారం పూర్తయ్యాక కిలోమీటరున్నర లోపువి నడకకు, ఐదు కిలోమీటర్ల లోపువి సైకిల్‌కు, అంతకు మించినవి బస్సుకో రైలుకో పనికొస్తాయేమో చూస్తూ గుర్తులు పెట్టుకోండి. అన్నీ కుదరకపోవచ్చు. వారంలో రెండు మూడు ప్రయాణాలు మారినా మొదటి నెలకు అది చాలు.

దగ్గరి దూరాలనే ముందు పట్టుకోమనడానికి ఇంకో కారణం ఇంజిన్‌లో ఉంది. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాక గానీ సరిగ్గా పనిచేయదు. చల్లగా ఉన్న ఇంజిన్ ఇంధనం కూడా ఎక్కువే తాగుతుంది. అంటే బండి తీసిన మొదటి కొన్ని నిమిషాల్లోనే పొగ అన్నిటికన్నా మురికిగా ఉంటుంది. దగ్గరి పనికి బండి తీస్తే ఇంజిన్ వేడెక్కేలోపే చేరవలసిన చోటు వచ్చేస్తుంది. ఇందాక చెప్పిన 230 కిలోల లెక్కలో ఈ నష్టాన్ని నేను కలపనేలేదు.

2. అక్కర్లేని తిరుగుడు మానుకోండి

రాసుకున్న పట్టికలో ఒకే వైపు వేర్వేరు రోజుల్లో వెళ్లిన పనులు కనబడతాయి. వాటిని ఒకే ప్రయాణంలో పూర్తి చేయండి. ఫోను చేస్తే తేలిపోయే పనికి ముందు ఫోనే చేయండి. ఇంటికి తెప్పించుకునే సరుకుల విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక్కో వస్తువును ఒక్కోసారి, అదీ వెంటనే కావాలని అడిగితే ప్రతిదానికీ ఒక బండి మీ గుమ్మం దాకా రావలసి వస్తుంది. కావలసినవన్నీ ఒకేసారి తెప్పించుకోండి.

3. నడకకు మంచి దారి వెతకండి

మామూలు వేగంతో నడిస్తే గంటకు ఐదు కిలోమీటర్లు వెళ్తాం, అంటే కిలోమీటరుకు పన్నెండు నిమిషాలు. చాలామంది నడక మొదలుపెట్టి రెండో రోజే మానేయడానికి కారణం దూరం కాదు, దారి. బండి మీద వెళ్లే పెద్ద రోడ్డునే నడకకూ ఎంచుకుంటారు. అక్కడ పొగ, చప్పుడు, ఫుట్‌పాత్ మీద అడ్డంకులు. పక్క వీధుల గుండా చెట్ల నీడ ఉన్న దారి ఒకటి తరచూ ఉంటుంది. అది నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టినా అదే మంచిది. వాహనాల రద్దీకి ఒక వీధి దూరం జరిగినా పీల్చే గాలిలో తేడా ఉంటుంది. సెలవు రోజున ఒకసారి తీరిగ్గా తిరిగి ఆ దారిని కనిపెట్టండి. బరువులు తేవలసి ఉంటే చక్రాల సంచీ ఉపయోగపడుతుంది.

బడి పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉదయం బడి గేటు దగ్గర కార్లు, బైకులు ఇంజిన్ ఆపకుండా గుమిగూడి ఉంటాయి. ఆ పొగ సరిగ్గా పిల్లల ముఖాల ఎత్తులో వదులుతున్నాం. ఒకే వైపు నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులు కలిసి వంతులు వేసుకోవచ్చు. రోజుకు ఇద్దరు పెద్దలు, నిర్ణీత సమయానికి, నిర్ణీత దారిలో ఒక్కో ఇంటి దగ్గర ఆగుతూ పిల్లలందరినీ గుంపుగా నడిపించుకెళ్తారు. బస్సుకు ఉన్నట్టే దీనికీ ఆగే చోట్లు, సమయాలు ఉండాలి. అవి రాసి అందరికీ పంపితేనే పద్ధతి నిలబడుతుంది. చిన్నపిల్లలైతే పది మందికి ఇద్దరు పెద్దలు సరిపోరు, ఇంకొకరిని కలుపుకోండి.

4. సైకిల్‌ను మళ్లీ వాడుకలోకి తెచ్చుకోండి

పట్టికలో మీరు గుర్తు పెట్టుకున్న ప్రయాణాల్లో ఎక్కువ భాగానికి సరిపోయే సాధనం ఇదే. ఇంట్లో మూలన పడి ఉన్న సైకిల్ ఉంటే కొత్తది కొనకండి, దాన్నే బాగు చేయించండి. చాలాకాలం వాడని సైకిల్‌కు సాధారణంగా ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను చూడవలసి వస్తుంది.

సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే మోకాళ్లు నొప్పులు పుట్టి సైకిల్ మీదే విరక్తి కలుగుతుంది. సీటు మీద కూర్చుని, పెడల్‌ను కిందికి దించి, దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, కావలసింది అదే.

బయలుదేరే ముందు మూడు చూసుకోండి: గాలి, బ్రేకులు, చైను. ఎంత గాలి ఉండాలో టైరు పక్కభాగం మీద అచ్చువేసి ఉంటుంది. ట్యూబులోంచి గాలి మెల్లగా తగ్గిపోతూనే ఉంటుంది కాబట్టి వారానికోసారి కొట్టాలి, ఇంట్లో చిన్న పంపు ఉంటే హాయి. బ్రేకు పట్టినప్పుడు మీట హ్యాండిల్‌ను తాకేదాకా వస్తోందంటే వెంటనే బిగించుకోవాలి. చైనును పొడిగుడ్డతో తుడిచి చుక్కలుగా నూనె వేసి, మిగిలిన నూనెను మళ్లీ తుడిచేయండి. అలా వదిలేస్తే దుమ్ము పట్టి చైను త్వరగా అరుగుతుంది.

సంచీని హ్యాండిల్‌కు తగిలించకండి, ఊగుతూ ముందు చక్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. వెనక క్యారియర్ మీద కట్టండి, లేదా బుట్ట పెట్టించండి. చీకటి పడ్డాక ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. హెల్మెట్ నుదుటి మీద, కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి.

రోడ్డు మీద నడపడం గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని ఆపేది భయమే. ఆ భయం న్యాయమైనదే కూడా. ఆగి ఉన్న వాహనాల మధ్య లోపలికీ బయటికీ వంకర్లు తిరగకుండా ఒకే గీతలో వెళ్లండి. ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు దూరం పాటించండి, లోపలున్నవారు చూడకుండా తలుపు తెరవవచ్చు. లారీ గానీ బస్సు గానీ మలుపు తిరగబోతుంటే దాని పక్క సందులోకి దూరకండి. డ్రైవర్ అద్దం మీకు కనబడడం లేదంటే మీరు కూడా ఆయనకు కనబడరు. మొదటిసారి రద్దీ లేని సెలవు రోజు ఉదయం ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి రండి. ఎక్కడ గుంతలున్నాయో, ఏ కూడలి ఇబ్బందో ముందే తెలిసిపోతుంది.

చెమట పడుతుందని వెనకాడేవారు వేగం తగ్గించి, తేలిక గేరులో తొక్కితే చాలావరకు ఇబ్బంది ఉండదు. ఎత్తుపల్లాల దారి అయినా, దూరం ఎక్కువైనా విద్యుత్ సైకిల్ మంచి సాయం. మనమూ తొక్కుతుంటే దానికి వంద కిలోమీటర్లకు ఒకటి రెండు యూనిట్ల కరెంటు సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పావుగంట వెళ్లడం, పావుగంట రావడం, వారానికి ఐదు రోజులు. లెక్క సరిగ్గా కుదిరింది.

5. దూరమైతే బస్సు, రైలు

కారులో ఒక్కరే వెళ్తే, లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన, కిలోమీటరుకు సుమారు 150 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. లీటరు డీజిల్‌కు నాలుగు కిలోమీటర్లు నడిచే బస్సులో నలభై మంది ఉంటే తలకు 17 గ్రాములు. అదే బస్సులో ఐదుగురే ఉంటే తలకు 135 గ్రాములు. కాబట్టి ఖాళీ బస్సు గొప్పదేమీ కాదు, నిండిన బస్సు గొప్పది. అయితే ఖాళీగా ఉన్నా ఆ బస్సు ఎలాగూ తిరుగుతుంది. మీరు ఎక్కడం వల్ల దాని పొగ దాదాపు పెరగదు, మీ కారు పొగ మాత్రం పూర్తిగా ఆగుతుంది.

బస్సుకు అలవాటు పడాలంటే ముందు దాని వేళలు తెలియాలి. మీ స్టాపుకు వచ్చే బస్సుల నంబర్లు, వేళలు రాసి ఫోనులో పెట్టుకోండి. వీలుంటే ఆఫీసు వేళ అరగంట ముందుకో వెనక్కో జరిపించుకోండి, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. నెల పాసు తీసుకుంటే ప్రతిసారీ ‘బస్సా, బండా’ అని ఆలోచించే అవసరం తగ్గుతుంది. స్టేషన్ దూరంగా ఉంటే అక్కడిదాకా సైకిల్ మీద వెళ్లండి. రోజంతా వదిలి వెళ్లే సైకిల్‌కు మంచి తాళం కావాలి, చక్రంతో పాటు ఫ్రేమును కూడా కదలని కడ్డీకి కలిపి తాళం వేయండి.

6. బండి తప్పకపోతే పంచుకోండి

ఇద్దరు తమ తమ కార్లు వదిలి ఒకే కారులో వెళ్తే పొగ సగమవుతుంది. బస్సులో వెళ్లే మనిషిని కారెక్కిస్తే ఆ లాభం రాదు. కలిసి వెళ్లాలనుకున్నవారు ఎన్ని నిమిషాల దాకా ఎదురుచూడాలి, రాని రోజు ఎప్పటిలోగా చెప్పాలి, ఇంధనం ఖర్చు ఎలా పంచుకోవాలి అన్న మూడూ మొదటి రోజే మాట్లాడుకోవాలి. ఆ మాట అనుకోకపోతే స్నేహం చెడుతుంది, కారు మళ్లీ ఒంటరిదవుతుంది. ట్యాక్సీ పిలిచినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: మీ దగ్గరికి రావడానికి అది ఖాళీగా తిరిగిన దూరం కూడా మీ ప్రయాణం లెక్కలోకే వస్తుంది.

7. ఉన్న బండిని చక్కగా నడపండి

టైర్లలో గాలి తగ్గితే ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. నెలకోసారి, బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. పది సెకన్లకు మించి నిలబడవలసి వస్తే ఇంజిన్ ఆపేయడమే లాభం. ఒక్కసారిగా వేగం పెంచి, అంతలోనే బ్రేకు వేసే అలవాటు మానండి. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి వెళ్తే అది దాదాపు రెట్టింపు. కారు పైన వాడని క్యారియర్ ఉంటే విప్పేయండి.

8. కొత్త బండి కొనే ముందు లెక్క చూసుకోండి

విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో ఎక్కువ భాగాన్ని చక్రాలకు చేరుస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. వీధిలో పొగ ఉండదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్నది ముఖ్యం. పూర్తిగా బొగ్గుతో తయారైన యూనిట్‌కు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకునే కారును అలాంటి కరెంటుతోనే నడిపితే కిలోమీటరుకు 150 గ్రాములు, అంటే ఇందాకటి పెట్రోలు కారంతే. సౌర, పవన, జల విద్యుత్ వాటా పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. దానికి తోడు బ్యాటరీ తయారీకి చాలా శక్తి ఖర్చవుతుంది, టైర్ల అరుగుదలతో లేచే దుమ్ము ఏ కారుకైనా తప్పదు.

నా అభిప్రాయం ఇది. రోజూ ఎక్కువ దూరం తప్పనిసరిగా బండి మీద తిరిగేవారు విద్యుత్ వాహనానికి త్వరగా మారాలి, తయారీలో అయిన శక్తి ఖర్చు వాళ్లకే తొందరగా తీరుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు కారు తీసేవారు ఉన్నదాన్నే బాగా చూసుకోవడం మంచిది. ఒక్కరే తిరగడానికైతే కారు కన్నా విద్యుత్ స్కూటర్ ఎన్నో రెట్లు తక్కువ శక్తి తీసుకుంటుంది.

9. వీధి బాగుండాలని అడగండి

ఫుట్‌పాత్ లేని చోట నడవమనడం, బస్సు రాని చోట బస్సెక్కమనడం అన్యాయం. దారులు అడిగితేనే వస్తాయి. ఈ రోజు సైకిళ్లకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించారు, 1973లో చమురు సంక్షోభం కూడా తోడైంది, ఆ తరువాతే సైకిళ్లకు వేరే దారులు వేయడం ఊపందుకుంది. కొలంబియా రాజధాని బొగొతాలో 1974లో మొదలైన పద్ధతి ప్రకారం ఇప్పటికీ ఆదివారాలు కొన్ని ప్రధాన రోడ్లపై మోటారు వాహనాలను ఆపి మనుషులకు, సైకిళ్లకు వదిలేస్తారు.

స్థానిక అధికారులకు రాసేటప్పుడు ‘రోడ్లు బాగాలేవు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ కూడలిలో, ఏ వైపు, ఎన్ని మీటర్ల మేర ఫుట్‌పాత్ లేదో, ఏ వేళలో బస్సు కోసం ఎంతసేపు నిలబడవలసి వస్తోందో ఫొటోలతో సహా రాయండి. అదే దారిలో వెళ్లే పదిమందితో సంతకాలు చేయించండి. అర్జీ అందినట్టు రసీదు తీసుకుని, నెల తరువాత దాన్ని పట్టుకుని మళ్లీ వెళ్లి అడగండి.