‘నో రిటర్న్’ అని రాస్తే సరిపోదు: ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి

ఉదయగిరి చెక్క గరిటెలు తెప్పించి నెల్లూరు నుంచి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో నా పేజీలో మొదటి లైనే "నో రిటర్న్, నో రిఫండ్". అందరూ పెడుతున్నారు కదా అని నేనూ పెట్టేశాను. ఒకరోజు హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోటో పంపారు. గరిటె కాడ మొదట్లో వెంట్రుకంత చీలిక, వేడి పప్పులో పెట్టేసరికి అది ఇంకా విచ్చుకుంది. నేను ఆ లైన్ చూపించాను. ఆవిడ ఒక్క మాట కూడా తూలకుండా, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తానన్నారు. అప్పుడు కూర్చుని చట్టం చదివితే తెలిసింది, తప్పు నాదేనని. డబ్బు వెనక్కి పంపి, సారీ చెప్పాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే, కాబట్టి ఫోన్‌పేలో డబ్బు పడిందంటే బిల్లు ఇచ్చినట్టు కాదు. ఇంకో సంగతి, కొన్నవాళ్లు తామున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే వాళ్లకి ఫీజు కూడా ఉండదు. అంటే రెండొందల గరిటె కోసం హైదరాబాద్ కేసుకి జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఇంట్లో పాత మంచం ఒకసారి ఆన్‌లైన్‌లో అమ్మితే 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తించవు. వారం వారం పచ్చళ్లో చీరలో అమ్ముతుంటే అది వ్యాపారమే, ఎంత చిన్నదైనా సరే. పెద్ద యాప్‌లో అమ్మితే మీరు 'సెల్లర్', ముందే వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటే ఆ సైట్ బాధ్యత కూడా మీదే.

అన్నిటికన్నా ముందు మీ లిస్టింగ్, అంటే సరుకు వివరాలు పెట్టే పేజీ, సరిచేసుకోండి. వ్యాపారం అసలు పేరు, పూర్తి చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ధర అన్నీ కలిపి ఒకే మొత్తంగా చూపించి, అందులో డెలివరీకి ఎంత, పన్ను ఎంత అని విడదీసి రాయాలి. "ధర కోసం ఇన్‌బాక్స్" పద్ధతి మానేయండి. సరుకు ఏ దేశంలో తయారైందో, రిటర్న్ కొరియర్ ఖర్చు ఎవరిదో, ఎన్ని రోజుల్లో చేరుతుందో కూడా చెప్పాలి. ఫోటో దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. సాయంత్రం ఎండలో తీస్తే లేత రంగు చెక్క టేకులా కనిపిస్తుంది, చేతికొచ్చాక "ఇది అది కాదు" అంటారు, చూపించినదానికీ పంపినదానికీ తేడా ఉంటే రిఫండ్ ఇవ్వాల్సింది మనమే. నేనిప్పుడు మధ్యాహ్నం కిటికీ పక్కన, పిల్లల స్కేలు పక్కనే పెట్టి తీస్తున్నాను, అంగుళాలు కనబడేలా. గోదాములో యాభై ఉంచుకుని "ఇంకా రెండే ఉన్నాయి" అనడం, చుట్టాల చేత ఐదు స్టార్లు వేయించుకోవడం, దయచేసి వద్దు, అవి కొనేవాళ్లని నేరుగా మోసం చేయడమే.

ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలని నియమం. ఒక్కరే నడిపే వ్యాపారంలో అది మీరే, మీ పేరూ నంబరూ రాయండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పండగ సీజన్‌లో మెసేజ్‌లు కిందికి జారిపోతాయి, అందుకే నేను ఫిర్యాదులన్నీ తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

కావలిలో మా వదిన ఆవకాయ, గోంగూర అమ్ముతుంది. తినేవి అమ్మేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా పంపొద్దు, వాళ్ల ఫాస్కోస్ పోర్టల్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు, వచ్చిన 14 అంకెల నంబరు సీసా మీద వేయాలి. ప్యాక్ చేసిన సరుకు మీద ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తేదీ, ఫిర్యాదుకి నంబరు ఉండాలి.

జీఎస్‌టీ దగ్గర అందరికీ టెన్షన్. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ, యాప్‌లో అమ్మితే ఆ పరిమితి అలా నేరుగా వర్తించదు. 2023 అక్టోబర్ 1 నుంచి యాప్‌లో రాష్ట్రం లోపలే అమ్మే, ఆ పరిమితి దాటని చిన్నవాళ్లు పాన్‌తో జీఎస్‌టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒంగోలు నుంచి చెన్నైకి ఒక్క పార్సిల్ వెళ్లినా ఆ వెసులుబాటు పోతుంది. హస్తకళలకి వేరే మినహాయింపు ఉంది, మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఒకసారి ఆడిటర్‌కి చూపించండి.

నా పేజీలో పాత లైన్ తీసేసి ఇలా పెట్టాను, మీ సరుకుకి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి: "పగిలినా, చీలినా, ఫోటోకి తేడాగా ఉన్నా, అందిన 30 రోజుల్లో ఫోటో పంపండి. కొరియర్ ఖర్చు మాది. కొత్తది కావాలో డబ్బు కావాలో మీరే చెప్పండి."