ఇంజిన్‌ఎక్స్ వెనక సైట్ తెరుచుకోవట్లేదా? కాన్ఫిగ్ గెలికే ముందు ఇది చూడండి

ఇంజిన్‌ఎక్స్‌ని రివర్స్ ప్రాక్సీగా, అంటే బ్రౌజర్ల రిక్వెస్టులు తీసుకుని వెనకున్న యాప్‌కి అందించే వెబ్ సర్వర్‌గా, పెట్టాక సైట్ రాకపోతే అందరం ముందు చేసే పని కాన్ఫిగ్ ఫైల్ తెరిచి గెలకడం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఇక్కడ ఉన్నవి రెండు దారులు: బ్రౌజర్ నుంచి ఇంజిన్‌ఎక్స్ దాకా ఒకటి, అంటే 443 పోర్ట్, సర్టిఫికెట్ వగైరా, అక్కడి నుంచి మీ యాప్ దాకా ఇంకోటి. ఏది తెగిందో తెలియకుండా లైన్లు మారుస్తూ పోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

సర్వర్‌లోకి లాగిన్ అయి, యాప్ 3000 పోర్ట్‌లో ఉందనుకుంటే, 127.0.0.1:3000కి నేరుగా కర్ల్ (టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్ట్ పంపే కమాండ్) కొట్టండి. జవాబు రాలేదా, ఇంజిన్‌ఎక్స్‌ని తిట్టుకోవద్దు, యాపే లేవలేదు, లేదా ఆ పోర్ట్‌లో వినట్లేదు. జవాబు వస్తున్నా బ్రౌజర్లో 502 (యాప్ నుంచి సరైన జవాబు రాలేదని ఇంజిన్‌ఎక్స్ చెప్పే ఎర్రర్) కనిపిస్తుంటే ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ చివరి లైన్లు చదవండి. అందులో '111: కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఉంటే, ప్రాక్సీ పాస్‌లో (యాప్ అడ్రస్ చెప్పే కాన్ఫిగ్ లైన్) మీరు రాసిన చోట ఎవరూ లేరన్నమాట. డాకర్ (యాప్‌లని కంటెయినర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, మీ సర్వర్ కాదు, కాబట్టి ఇంజిన్‌ఎక్స్, యాప్ కంటెయినర్లు రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి యాప్ కంటెయినర్ పేరునే అడ్రస్‌గా రాయాలి. '13: పర్మిషన్ డినైడ్' అని ఉండి, మీది రెడ్ హ్యాట్ తరహా లినక్స్ అయితే ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థని అనుమానించండి. దాన్ని మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, వినకండి. వెబ్ సర్వర్ బయటికి కనెక్ట్ అవ్వడానికి ఉన్న సెట్టింగ్ ఒక్కటి ఆన్ చేస్తే సరిపోతుంది.

504 అంటే యాప్ ఉంది గానీ 60 సెకన్లలో నోరు విప్పలేదు. 413 అంటే అప్‌లోడ్ 1 ఎంబీ దాటింది. రెండూ డిఫాల్ట్ హద్దులే, పెంచుకోవచ్చు.

అసలు తలనొప్పి 'టూ మెనీ రీడైరెక్ట్స్'. ఇంజిన్‌ఎక్స్ బయట హెచ్‌టీటీపీఎస్ తీసుకుని, లోపల యాప్‌కి మామూలు హెచ్‌టీటీపీ పంపుతుంది. యాప్ అది చూసి 'అయ్యో, సెక్యూర్ కాదే' అనుకుని మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కి పొమ్మంటుంది, బ్రౌజర్ మళ్లీ వస్తుంది, మళ్లీ అదే మాట. ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే సమాచారపు లైన్) అసలు స్కీమ్, అంటే బయట వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని, పంపితే ఇది ఆగుతుంది, కాకపోతే ఆ హెడర్‌ని నమ్మమని జాంగో, ఎక్స్‌ప్రెస్ లాంటి మీ యాప్ ఫ్రేమ్‌వర్క్‌కి విడిగా చెప్పాలి. అలా నమ్మించాక యాప్ పోర్ట్ బయటికి తెరిచి ఉంచకండి, ఎవరైనా దొంగ హెడర్ పంపొచ్చు. మీ సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ (మధ్యలో నిలబడే మరో ప్రాక్సీ సేవ) ఉండి అది 'ఫ్లెక్సిబుల్' మోడ్‌లో, అంటే మీ సర్వర్‌తో మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతూ, ఉంటే లూప్ అక్కడి నుంచే రావచ్చు. 'ఫుల్ స్ట్రిక్ట్'కి మార్చండి.

ఒకసారి ఈ హెడర్ కళ్లముందే రాసి ఉన్నా పనిచేయక రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. సంగతేంటంటే, సర్వర్ బ్లాక్‌లో (మొత్తం సైట్‌కి చెందిన కాన్ఫిగ్ భాగం) రాసిన ప్రాక్సీ హెడర్లు లొకేషన్ బ్లాక్‌కి (అందులో ఒక్కో యూఆర్ఎల్ దారికి చెందిన భాగం) వారసత్వంగా వస్తాయి, కానీ ఆ లొకేషన్‌లో మీరు ఇంకొక్క ప్రాక్సీ హెడర్ రాశారో, పైనవన్నీ గల్లంతు. వెబ్‌సాకెట్ (బ్రౌజర్, యాప్ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) కోసం అప్‌గ్రేడ్ హెడర్ చేర్చి నేను చేసింది అదే. తీరా సరిచేశాక కూడా బ్రౌజర్ తను దాచుకున్న పాత 301 రీడైరెక్ట్‌నే చూపించింది, అందుకే ఇప్పుడు కర్ల్‌తోనే పరీక్షిస్తాను.

ఇక సర్టిఫికెట్. కంప్యూటర్‌ బ్రౌజర్లో బాగానే ఉండి మొబైల్ యాప్‌లోనో కర్ల్‌లోనో ఎర్రర్ వస్తే చాలాసార్లు మధ్య సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్‌ని అందరూ నమ్మే మూల సర్టిఫికెట్‌తో కలిపేది) పంపట్లేదని అర్థం. సర్టిఫికెట్ లైన్లో ఆ రెండూ ఉన్న ఫుల్‌చెయిన్ ఫైల్ పెట్టండి. సర్ట్‌బాట్ (సర్టిఫికెట్లు తెచ్చి రెన్యూ చేసే సాధనం) రెన్యూ చేసినా పాత తేదీయే కనిపిస్తోందంటే ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేయలేదన్నమాట. పాత సర్టిఫికెట్ ఇంకా దాని మెమరీలోనే ఉంటుంది. రెన్యూ అయిన ప్రతిసారీ దానంతటదే రీలోడ్ అయ్యేలా సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్‌లో (రెన్యూ అయ్యాక అది నడిపే కమాండ్) ఒక లైన్ రాసేయండి.