అటక మీది కంప్యూటర్‌తో ఇంటి సినిమా పెట్టె

పెళ్లి వీడియో చూద్దామంటే పెన్‌డ్రైవ్ దొరకదు. దొరికినా గోడకున్న టీవీ వెనక్కి చెయ్యి దూరదు. మిర్యాలగూడలో మా ఇంట్లో ఇది ప్రతి పండక్కీ ఉండే తంటానే.

అటక మీది పాత డెస్క్‌టాప్ (4 జీబీ ర్యామ్) దించి దుమ్ము దులిపాను. చెడిపోయిన ల్యాప్‌టాప్‌లోని 500 జీబీ డిస్కు అందులో బిగించాను. సైజు చిన్నదైనా డిస్కును కలిపే సాటా పిన్నులు అవే, తీగలు నేరుగా పడతాయి. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే నాణెమంత బ్యాటరీ (సీఆర్ 2032) ముందే మార్చండి. నేను మార్చలేదు. తేదీ ఏళ్ల వెనక్కి పోయి, సాఫ్ట్‌వేర్ దిగక ఒక పూటంతా తల పట్టుకున్నాను.

తర్వాత పని తేలికే. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, దానిమీద ఉచితంగా దొరికే జెల్లీఫిన్ (డిస్కులోని వీడియోలను ఇంట్లోని ఫోన్లకూ టీవీకీ పంపే సాఫ్ట్‌వేర్) పెట్టి, రూటరుకు ల్యాన్ తీగ కలిపాను. ఫోను బ్రౌజరులో ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా, పక్కన :8096 కొడితే సినిమాల వరుస కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ టీవీకి జెల్లీఫిన్ యాప్ ఉంది. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఎంపిక చాలా బోర్డుల బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఉంటుంది, పెట్టుకోండి. మా వీధిలో అది లేకుంటే కుదరదు.

ఒక్క చిక్కు: టీవీకి పడని హెచ్.265 (వీడియోను కుదించే ఒక పద్ధతి) ఫైలైతే ఈ పాత కంప్యూటరే దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపాలి. పాత ప్రాసెసర్‌కు అంత శక్తి ఉండదు, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అలాంటివి రాత్రిపూట హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో, టీవీకి పడే హెచ్.264లోకి మార్చి పెట్టుకుంటున్నాను.