ఇంజను బోరింగు తర్వాత తలెత్తే సమస్యలు - పరిష్కారాలు

అనంతపురం ప్రాంతంలో ట్రాక్టరు ఇంజను పని మూడు చేతుల మీదుగా సాగుతుంది. మెకానిక్ విప్పి బిగిస్తాడు, స్పేర్ పార్ట్స్ దుకాణం సామాను ఇస్తుంది, బోరింగు (సిలిండరు లోపలి రంధ్రాన్ని, అంటే బోరును, కోసి వెడల్పు చేయడం), క్రాంకు గ్రైండింగు (క్రాంకుషాఫ్టును సానపట్టడం) మరో షాపులో జరుగుతాయి. మొదటిసారి ఇంజను పని చేయించేవారికి వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు, ఈ ముగ్గురి మధ్య కొలతలు కాగితం మీద కాక నోటిమాటగా నడవడం వల్ల వచ్చేవే.

నీలిపొగ, ఆయిలు తగ్గిపోవడం

కొత్త పిస్టను రింగులు వేసినా నీలిపొగ ఆగకపోతే ముందుగా, ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టాన్ని గమనించాలి. అక్కడినుంచి పొగ బలంగా తన్నుతుంటే లోపం రింగులదో బోరుదో అయివుంటుంది. బ్రీదరు నిమ్మళంగా ఉండి, కాసేపు ఆపి స్టార్టు చేసినప్పుడు మాత్రమే పొగ వస్తే వాల్వు కాడలు కదిలే గైడ్లను, అక్కడ ఆయిలును ఆపే సీళ్ళను అనుమానించవచ్చు. కొత్త ఇంజనును గంటల తరబడి స్లో రన్నింగులో వదిలేయడం మంచిదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది కానీ, లోడు లేకపోతే రింగులు గోడకు గట్టిగా ఒత్తుకోక బోరు అద్దంలా నునుపెక్కుతుంది. కాబట్టి మళ్ళీ విప్పించే ముందు ఒక మోస్తరు లోడుతో నడిపి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే తిరిగి హోనింగు (బోరు గోడను సానరాళ్ళతో సన్నగా గీయడం) చేయించి కొత్త రింగులు వేయక తప్పదు.

హోనింగు రాతిపొడి బోరులో మిగిలిపోయినా రింగులు త్వరగా అరుగుతాయి. ఆ పొడి కిరసనాయిలుతో పూర్తిగా పోదు. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటనంతవరకు ఆపకూడదు, ఆరగానే తుప్పు పట్టకుండా ఆయిలు రాయాలి. తాడిపత్రి వైపు నాపరాళ్ళ దుమ్ములో తిరిగే బండ్లకు ఎయిర్ క్లీనరు గొట్టంలోని పగులును కూడా వెతకాలి.

వేడెక్కాక బిగుసుకుపోవడం

పిస్టన్లు చేతికి రాకముందే 'పాయింట్ ఫైవ్' (అర మిల్లీమీటరు పెద్ద సైజు) అని చెప్పి బోరు చేయించడమే తరచుగా కనిపించే కారణం. పిస్టన్లు షాపుకు ఇచ్చి, ఒక్కొక్కటీ కొలిపించి, వాటి తయారీదారు చెప్పిన క్లియరెన్సు (పిస్టనుకు, గోడకు మధ్య ఖాళీ) ప్రకారమే బోరు చేయించాలి. రింగును బోరులో సమంగా దించి ఫీలర్ గేజితో (సన్నని కొలత రేకులతో) దాని కొసల మధ్య సందు చూడాలి. 100 మిల్లీమీటర్ల బోరుకు స్థూలంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ తుదిమాట మాన్యువల్‌దే. సందు చాలకపోతే వేడికి రింగు కొసలు తగులుకుని గోడను గీరేస్తాయి.

వేడి మీద ఆయిలు ప్రెషరు పడిపోవడం

క్రాంకు 0.25 మిల్లీమీటర్లు తగ్గించి, బేరింగులు వేరే సైజు తెచ్చినప్పుడు, లేదా జర్నలు (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) గుండ్రంగా రానప్పుడు ఇలా జరుగుతుంది. బిగించే ముందు ప్రతి జర్నలునూ రెండు దిక్కుల్లో కొలిపించి రాయించుకోవాలి. ఆయిలు రంధ్రాల ప్లగ్గులు తీయించి కడిగించాలి. జర్నలు మూలలోని గుండ్రని మలుపును పదునుగా కోస్తే క్రాంకు అక్కడే విరుగుతుంది.

రేడియేటరు మరగడం

బోరుబావి నీళ్ళ ఉప్పు బ్లాకులోని నీటి దారుల్లో గట్టిపడితే, రేడియేటరు ఒక్కటే శుభ్రం చేయించి లాభం లేదు. బోరింగుకు ముందే బ్లాకును డీస్కేలింగు (గట్టిపడిన ఉప్పు పొరను తీయడం) చేయించి, తర్వాత కూలెంటును శుద్ధజలంతో కలిపి పోయాలి.