కాఫీనా కూల్ డ్రింకా, సీసా ఎనక లెక్క చూసుడు ఎట్ల

కాఫీ మంచిదా, సోడా మంచిదా అని అడిగేటోళ్ల కోసం ఈ ముచ్చట. ముందుగాల ఒకటి, మన దిక్కు సోడా అంటే గోలి సోడా, ఉత్త గ్యాస్ నీళ్లు, దాంట్ల చక్కెర ఉండదు, నిమ్మకాయ పిండి ఉప్పేసి ఇస్తే దానితోని పెద్ద పంచాయితీ ఏం లేదు (బీపీ ఉన్నోళ్లు ఉప్పు తక్కువేయమనాలె అంతే). నేను చెప్పేది దావత్‌ల బిర్యానీ పక్కన పెట్టే కూల్ డ్రింక్ ముచ్చట. మా బాపు షుగర్ వచ్చినంక కాఫీ వేడి చేస్తదని బంద్ పెట్టిండు, కానీ హన్మకొండ చౌరస్తా దిక్కు పోయినప్పుడల్లా తిన్నది అరుగుతదని ఒక కూల్ డ్రింక్ కొట్టొస్తుండె, చెప్పి చెప్పి యాష్టకొచ్చి ఒకనాడు సీసానే ముందట పెట్టి లెక్క చేసి చూపిచ్చిన.

లెక్క అల్కనే. సీసా తిప్పుతే చిన్న అక్షరాలల్ల 100 మి.లీ.కు చక్కెర ఎంతనో రాసుంటది, కోలా రకాలల్ల 10 గ్రాముల దగ్గర ఉంటది. సీసా 250 అయితే రెండున్నర రెట్లు, అంటే 25 గ్రాములు, చెంచాకు 4 గ్రాములు అనుకుంటే ఆరు చెంచాలు దాటినట్టు. పైనుంచి కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటొద్దు, 25 లోపల ఉంటే ఇంకా మంచిది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015ల చెప్పింది, ఒక్క సీసాకే ఆ 25 ఖతం. గ్లాసు నీళ్లల్ల ఆరు చెంచాల చక్కెర కలిపిస్తే బాపు తాగుతడా? థూ అని ఊంచుతడు. సీసాల ఎందుకు తెల్వదంటే చల్లదనం, గ్యాసు, పులుపు మూడు కలిసి తీపిని కప్పేస్తయి. ఆ పులుపు ఫాస్ఫోరిక్ యాసిడ్, కోలా పీహెచ్ (పులుపు కొలత, ఎంత తక్కువుంటే అంత పులుపు) 2.5 కాడ ఉంటది, పంటి ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) ఏమో 5.5 కిందికి పోతేనే కరుగుడు షురూ అయితది, అందుకే డైట్ రకం (చక్కెర లేనిది) తాగినా పండ్లకు దెబ్బే. తాగినంక వెంటనే బ్రష్ చేయకుర్రి, నీళ్లతోని పుక్కిలిచ్చి అర్ధగంట ఆగుర్రి.

ఇగ కాఫీ మంచిదని ఎగరకుర్రి. బండి కాడి కాఫీల రెండు చెంచాల చక్కెర వడితే, రోజుకు మూడు కప్పులకు అదే ఆరు చెంచాలు, ఒక కూల్ డ్రింక్ సీసాకు సమానం! చక్కెర లేకుంటనో అర చెంచాతోనో తాగితేనే కాఫీ గెలుస్తది. కాఫీ తాగేటోళ్లకు టైప్ 2 షుగర్ వచ్చుడు తక్కువ, తీపి డ్రింకులు రోజూ తాగేటోళ్లకు ఎక్కువ అని పరిశోధనలల్ల కనవడ్డది గానీ, వచ్చిన షుగర్‌కు కాఫీ మందు కాదు.

కాఫీల చూడాల్సింది కెఫిన్, అంటే నిద్ర రానియ్యని పదార్థం. 150 మి.లీ. ఇన్‌స్టంట్ కాఫీల 50-65 మి.గ్రా., డికాషన్‌దాంట్ల 80-120, అదే 250 కోలా సీసాల 25 దగ్గర. హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల రోజుకు 300 దాటొద్దన్నది, అన్నానికి ముందు గంట, తిన్నంక గంట చాయ్ కాఫీ వద్దన్నది, ఎందుకంటే తిండిల ఐరన్‌ను వంటికి పట్టనియ్యదు. రక్తం తక్కువున్నదని ఐరన్ గోలీ వేసుకొని మీదికెల్లి కాఫీ తాగితే గోలీ వంటికి సరిగ్గ పట్టదు. కెఫిన్ సగం దిగేటానికే ఐదు గంటలు పడ్తది, పొద్దుమీకి 5కు తాగి రాత్రి నిద్రవడ్తలేదని డాక్టర్ దగ్గరికి ఉరుకుడు ఎందుకు. రోజూ తాగేటోళ్లు ఒక్కసారే బంద్ పెడితే తలనొప్పి వస్తది, కప్పు కప్పు తగ్గియ్యాలె.

షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు ఇది యాదికి పెట్టుకోవాలె: షుగర్ డౌనై చెమటలు వట్టి చేతులు వణికితే అప్పుడు కాఫీ పనికిరాదు, మామూలు కూల్ డ్రింకే 150 మి.లీ. తాగి (డైట్‌ది కాదు) పదిహేను నిమిషాలకు మల్ల చెక్ చేయాలె. దానికోసమే మా ఫ్రిజ్‌ల ఒక చిన్న సీసా పెట్టినం. సీల్ ఉన్నదా ఊడిందా అని రోజూ చూసుడు అమ్మ డ్యూటీ, ఇప్పటికి రెండు సీసాలు మార్చినం, షుగర్ మాత్రం ఒక్కసారి కూడా డౌన్ కాలే.