పెద్దయ్యాక కథోలికులు కావడం ఎలా? వదిలేసిన విశ్వాసంలోకి తిరిగి రావడం ఎలా?

“నేను కథోలికుణ్ణి అవుదామనుకుంటున్నాను ఫాదర్” అని ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి చెబితే గురువుగారు వెంటనే ఫారం తీసి ఇవ్వరు. కూర్చోమంటారు. కాసేపు మాట్లాడాక ఒక ప్రశ్న అడుగుతారు: మీకు ఇంతకుముందు జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయిందా? అయితే ఎక్కడ? చాలామంది ఇక్కడ తడబడతారు. వాళ్ళు వచ్చింది మనసులో కదిలినదేదో చెప్పుకుందామని, ఎదురైంది సర్టిఫికెట్ లాంటి ప్రశ్న. కానీ ముందున్న దారంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే మనమూ అక్కణ్ణించే మొదలుపెడదాం.

1. మీ పరిస్థితి ఏమిటో ముందు తేల్చుకోండి

మూడు రకాల వాళ్ళుంటారు. అసలు జ్ఞానస్నానమే లేనివాళ్ళు మొదటి రకం. వీళ్ళు పూర్తి శిక్షణ పొంది, జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (తైలం పూసి విశ్వాసంలో స్థిరపరచడం), దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) మూడూ అందుకుంటారు, మామూలుగా ఒకే పూజలో (మాస్‌లో).

రెండో రకం, వేరే క్రైస్తవ సంఘంలో జ్ఞానస్నానం పొందినవాళ్ళు. నీటితో, పిత, పుత్ర, పవిత్రాత్మ పేరున ఇచ్చిన జ్ఞానస్నానమైతే కథోలిక శ్రీసభ (చర్చి) దాన్ని గుర్తిస్తుంది, మళ్ళీ ఇవ్వదు. “కొత్త జీవితం కదా, కొత్తగా ఇవ్వండి” అని బతిమాలినా ఇవ్వరు. పూజలో చెప్పే విశ్వాస సంగ్రహంలోనే (క్రీడ్) జ్ఞానస్నానం ఒక్కటే అని ఉంది. వీళ్ళు పాపసంకీర్తనం చేసి (గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకుని), విశ్వాసాన్ని అందరి ముందూ ప్రకటించి, మిగిలిన రెండు సంస్కారాలు అందుకుంటారు. ఆర్థడాక్స్ సంఘాల నుంచి వచ్చేవాళ్ళకైతే భద్రమైన అభ్యంగనం కూడా మళ్ళీ ఉండదు. జ్ఞానస్నానం అయిందో లేదో ఎంత వెతికినా తేలకపోతే “ఇంతకుముందు పొంది ఉండకపోతే” అన్న షరతుతో ఇచ్చే పద్ధతి ఒకటుంది.

ఇక మూడో రకం, చిన్నప్పుడే కథోలిక జ్ఞానస్నానం పొంది, తర్వాత ఎప్పుడో జారిపోయినవాళ్ళు. వీళ్ళలో చాలామంది మళ్ళీ చేరాలేమో అనుకుంటారు. చేరేదేమీ లేదు, మీరు శ్రీసభలోనే ఉన్నారు. మీకు కావలసింది పాపసంకీర్తనం, మళ్ళీ పూజకు రావడం. మధ్యలో అధికారికంగా వేరే సంఘంలోకో మతంలోకో వెళ్ళి ఉంటే మాత్రం ఆ సంగతి గురువుకు ముందే చెప్పండి. అప్పుడు ఇంకో అడుగు అవసరం కావచ్చు. చిన్నప్పుడు జ్ఞానస్నానం ఒక్కటే జరిగి, సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) నేర్చుకోకుండా పెరిగినవాళ్ళయితే కొంత శిక్షణ తీసుకుని మిగతా సంస్కారాలు అందుకోవచ్చు.

2. ఎవరితోనూ ఏమీ చెప్పకముందు కొన్ని ఆదివారాలు పూజకు వెళ్ళండి

చివరి బల్ల మీద కూర్చోండి. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో తెలియదన్న టెన్షన్ వద్దు. ముందువాళ్ళను చూసి లేవండి, లేవకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. పూజలో రెండు పెద్ద భాగాలుంటాయి. మొదటిది వాక్యం: పఠనాలు, సువార్త, ప్రసంగం. రెండోది బలిపీఠం దగ్గర జరిగేది. ఆదివారం పఠనాలు మూడేళ్ళకొకసారి తిరిగి వస్తాయి, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా.

సత్ప్రసాదం పంచే వేళ మీరు దాన్ని అందుకోకూడదు. కూర్చునే ఉండొచ్చు. చాలాచోట్ల చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని వెళితే గురువు ఆశీర్వదిస్తారు. ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చినవాళ్ళు కూడా పాపసంకీర్తనం అయ్యేదాకా ఆగాలి. ఈ కూర్చుని ఉండటం కష్టంగానే ఉంటుంది, పక్కవాళ్ళంతా లేచి వెళుతుంటే ఇంకా కష్టం. ఆ నిమిషంలో ఒక సంగతి గమనించండి. వరుసలోకి వెళ్ళబోయే ముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ గురువుతో సహా, సువార్తలో శతాధిపతి యేసుతో అన్న మాటనే అంటారు: నువ్వు నా ఇంటికి రావడానికి నేను తగను, ఒక్క మాట అను చాలు, అని. అర్హులం అనుకుని వెళ్ళేవాళ్ళు ఆ వరుసలో ఎవరూ లేరు.

3. గురువుతో మాట్లాడండి, పెళ్ళి సంగతి మొదటిరోజే చెప్పండి

పూజ అయ్యాక గుమ్మం దగ్గర జనం మధ్యలో పట్టుకుని అడిగేది కాదిది. విచారణ (పారిష్) కార్యాలయానికి ఫోన్ చేసి, ఒక అరగంట సమయం కావాలని అడగండి. జ్ఞానస్నానం అయి ఉంటే సర్టిఫికెట్ తీసుకెళ్ళండి. పోగొట్టుకుంటే కంగారు లేదు, జ్ఞానస్నానం ఇచ్చిన విచారణలో రిజిస్టరు ఉంటుంది, అందులోంచి కొత్తగా రాసిస్తారు.

అందరూ చివరిదాకా దాచేది పెళ్ళి విషయం. అంతా బాగానే నడుస్తూ, సంస్కారాలకు నెల రోజులుందనగా “నాకు ఇంతకుముందు ఒక పెళ్ళయింది” అని బయటపెడతారు. అప్పుడిక ఆగక తప్పదు. విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోనివాళ్ళకు ఆ విడాకులొక్కటే సంస్కారాలకు అడ్డు కాదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళ విషయంలో మాత్రం మొదటి పెళ్ళి సంగతి మేత్రాసన న్యాయస్థానం (బిషప్పు పరిధిలోని శ్రీసభ కోర్టు) పరిశీలించాలి. రెండు కోర్టుల్లో ఒకే తీర్పు రావాలన్న పాత నియమాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2015లో తీసేశారు. అయినా సమయం పడుతుంది. కథోలికులై ఉండి గుళ్ళో కాకుండా బయట పెళ్ళి చేసుకున్నవాళ్ళది ఇంకో లెక్క, చాలాసార్లు అది తేలిగ్గానే సరవుతుంది. ఏదైనా మొదటిరోజే చెబితే శిక్షణ ఒకవైపు, ఈ పని ఒకవైపు నడుస్తాయి.

ఇంకో మాట. కథోలికుల అమ్మాయినో అబ్బాయినో చేసుకోవడానికి మతం మారి తీరాలని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు, శ్రీసభ అనుమతితో వివాహం జరుగుతుంది. ఎవరినీ మనస్సాక్షికి వ్యతిరేకంగా ఈ విశ్వాసంలోకి బలవంతంగా తేకూడదని శ్రీసభ చట్టంలోనే రాసి ఉంది. మీమీద ఎవరి ఒత్తిడైనా ఉంటే గురువుతో ఏకాంతంగా చెప్పండి, ఆగిపోండి. కొన్ని చోట్ల మతం మారేటప్పుడు ప్రభుత్వానికి తెలపాల్సిన నియమాలుంటాయి, వాటి గురించీ అప్పుడే అడిగేయండి.

4. శిక్షణకాలానికి తొందరపడకండి

తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానానికి ముందు ఏళ్ళ తరబడి సిద్ధపడేవాళ్ళు. తర్వాత ఆ పద్ధతి మరుగున పడింది. కథోలిక బిషప్పులంతా కలిసిన రెండో వాటికన్ మహాసభ 1963లో దాన్ని మళ్ళీ తెమ్మంది, 1972లో పెద్దల కోసం కొత్త క్రమం వచ్చింది. ఇప్పుడు మీరు నడిచేది ఆ దారిలోనే.

మొదట ప్రశ్నలు అడిగే కాలం. తర్వాత ఒక రోజు అందరి ముందు నిలబెట్టి మీ నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు. చాలాచోట్ల చెవుల మీద, కళ్ళ మీద, పెదవుల మీద, భుజాల మీద కూడా వేస్తారు. వినడానికి చిన్న తంతులా ఉంటుంది కానీ, కొత్త మనిషి ఒకరు వచ్చి మీ కళ్ళ మీద వేలితో సిలువ గీస్తుంటే కళ్ళు మూసుకుని నిలబడటం మామూలు అనుభవం కాదు. ఆ రోజు నుంచి మీరు శ్రీసభ ఇంటిమనుషులే. జ్ఞానస్నానానికి ముందే కన్నుమూసిన అభ్యర్థికి కూడా కథోలిక అంత్యక్రియలు చేస్తారు.

తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదటి ఆదివారం ప్రాంతంలో మేత్రాణులు (బిషప్పు) అభ్యర్థులను పేరుపేరునా స్వీకరిస్తారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు, మూడు సువార్తలు: బావి దగ్గర సమరియ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు. దాహం, చూపు, ప్రాణం. ఇంటి దగ్గర వీటిని ఒక్కొక్కటీ మూడుసార్లు చదవండి. యోహాను సువార్తలో 4, 9, 11 అధ్యాయాలు.

జ్ఞాన తల్లిదండ్రులను ఎంచుకునేటప్పుడు హోదా చూడకండి. పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడుస్తున్న కథోలికులై ఉండాలి, మీ సొంత అమ్మానాన్నలు కాకూడదు. నా మటుకు నేను ఇంకొకటి కలుపుతాను: రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళై ఉండాలి.

చదవడానికి మార్కు సువార్త చాలు, పదహారు అధ్యాయాలు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. 1992లో వచ్చిన కథోలిక శ్రీసభ సత్యోపదేశంలో 2865 పేరాలున్నాయి. దాన్ని నవలలా మొదటి పేజీ నుంచి చదవబోతే నలభయ్యో పేరా దగ్గర పక్కన పెట్టేస్తారు. అనుమానం వచ్చిన చోట తెరిచి చూసుకోండి. ప్రశ్నలు, జవాబుల రూపంలో 2005లో వచ్చిన సంక్షిప్త గ్రంథం కొత్తవాళ్ళకు ఇంకా నయం.

అనుమానాలు తీరలేదని మానేయకండి, తీరినట్టు నటించకండి. ఇంగ్లండులో ఆంగ్లికన్ సంఘ గురువుగా పనిచేసిన జాన్ హెన్రీ న్యూమన్ ఏళ్ళ తరబడి చదివి, తనతో తాను వాదించుకుని, 1845 అక్టోబరు 9న కథోలికుడయ్యే నాటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. 2019లో ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు.

5. పాస్కా జాగరణ

ఈస్టరు ముందురోజు రాత్రి జరిగే పూజ ఇది. గుళ్ళో దీపాలన్నీ ఆర్పేస్తారు. బయట వెలిగించిన మంట నుంచి పెద్ద కొవ్వొత్తి, దాన్నుంచి చేతిచేతికీ చిన్న కొవ్వొత్తులు. పునీతుల ప్రార్థన పాడుతుండగా మీరు నీటి దగ్గరికి వెళతారు. జ్ఞానస్నానంతో అంతకుముందు పాపాలన్నీ పోతాయి కాబట్టి దానికి ముందు పాపసంకీర్తనం ఉండదు. తర్వాత తెల్లని వస్త్రం, నుదుటిన పరిమళ తైలం, మొదటి సత్ప్రసాదం. 387లో మిలాన్ నగరంలో పునీత అంబ్రోసు చేతుల మీదుగా పునీత అగస్టీను జ్ఞానస్నానం పొందింది కూడా పాస్కా జాగరణ రాత్రే, అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్ళు. వేరే సంఘం నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఈ రాత్రి కోసం ఆగక్కర్లేదు, సిద్ధమైతే ఏ ఆదివారమైనా చేర్చుకోవచ్చు.

6. తిరిగి వచ్చేవాళ్ళకు: ఏళ్ళ తర్వాత మొదటి పాపసంకీర్తనం

అసలు గండం ఇదే. పూజకు ఆరు నెలలుగా వస్తూ, ఈ ఒక్క పని దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎందరో ఉంటారు.

ముందురోజు సాయంత్రం ఒక గంట కూర్చుని గుర్తు చేసుకోండి. పెద్ద పాపాలను ఏమిటి, సుమారు ఎన్నిసార్లు అన్నట్టుగా చెబితే చాలు. కథంతా అక్కర్లేదు. శనివారం సాయంత్రం పదిమంది వరుసలో నిలబడే చోటికి కాకుండా విడిగా సమయం అడిగి వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే మొదటి వాక్యం ఇది: “ఫాదర్, నేను పాపసంకీర్తనం చేసి ఇన్నేళ్ళయింది, ఎలా చేయాలో మర్చిపోయాను.” ఆ తర్వాత ఆయనే ఒక్కొక్కటీ అడిగి చెప్పిస్తారు. మీరు చెప్పినది ఆయన ఎవరికీ చెప్పలేరు. ఆ రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి అయిపోతాడు.

నేను పదహారేళ్ళ తర్వాత వెళ్ళాను. ఒక కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను. అన్నదమ్ముల గొడవ, అందులో ఎవరు ఏమన్నారు, నేను ఎందుకలా చేయాల్సి వచ్చింది, అన్నీ వరసగా చదువుతున్నాను. ఆ పెద్దాయన కాసేపు విని, మెల్లగా అన్నారు: “ఇవన్నీ వాళ్ళ పాపాలు కదా నాయనా. నీవి చెప్పు.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నావి చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రాయశ్చిత్తంగా ఒక్క మంగళవార్త జపం చెప్పమన్నారు. గుళ్ళో మోకరించి “దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా” అని మొదలుపెట్టి, సగంలో మాటలు గుర్తు రాక ఆగిపోయాను. పక్క బల్ల మీద జపమాల చెబుతున్న ఒక ముసలావిడ గొంతు వింటూ మిగతా సగం పూర్తి చేశాను.

ఎంతకాలం పడుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. 1886 అక్టోబరులో, చిన్నప్పటి విశ్వాసం వదిలేసి, సైన్యంలో పనిచేసి వచ్చిన చార్లెస్ ద ఫుకో పారిస్‌లోని సెయింట్ అగస్టీను గుడికి వెళ్ళి, మతం గురించి నేర్పించమని ఒక గురువును అడిగాడు. ఆయన ముందు మోకరించి పాపసంకీర్తనం చేయమన్నారు, ఆ వెంటనే సత్ప్రసాదానికి పంపారు. అదే ఏడాది క్రిస్మస్ నాడు అదే నగరంలో, నోత్ర్ దామ్ దేవాలయంలో మరియమ్మ స్తుతిగీతం వింటూ తర్వాత కవిగా పేరుపొందిన పద్దెనిమిదేళ్ళ పాల్ క్లోడెల్ ఒక్కసారిగా నమ్మాడు. నమ్మినవాడు సత్ప్రసాదం దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది, 1890 క్రిస్మస్ దాకా.

7. ఆ తర్వాత

పాస్కా నుంచి పెంతెకోస్తు దాకా యాభై రోజులు కొత్తవాళ్ళ కోసమే ఉంచిన కాలం. అందుకున్న సంస్కారాల అర్థాన్ని అప్పుడు నెమ్మదిగా విప్పి చెబుతారు. కానీ అప్పటికే శిక్షణ తరగతులు అయిపోయి, వారం వారం కలిసినవాళ్ళు చెదిరిపోయి ఉంటారు. మొదట్లో ఉన్న ఉత్సాహం కూడా తగ్గుతుంది. ప్రార్థనలో కూర్చుంటే ఏమీ అనిపించదు. అప్పుడు కొత్త ప్రార్థనల కోసం వెతకడం కంటే ఉన్నవాటిని కొంచెం తగ్గించుకుని, ఆపకుండా చేయడం మేలు: ఆదివారం పూజ, పొద్దున లేవగానే పరలోక జపం, నెలా రెండు నెలలకోసారి పాపసంకీర్తనం. ఏడాదికి ఒక్కసారైనా పెద్ద పాపాలు చెప్పుకోవాలన్నది నియమం, కానీ ఏడాది ఆగితే మళ్ళీ కాగితం కావాల్సి వస్తుంది.

ఇంట్లోవాళ్ళతో వాదనకు దిగకండి. అడిగితే చెప్పండి, అడగకపోతే ఊరుకోండి.

విచారణలో ఏదో ఒక పని పట్టుకోండి. పాటల బృందం, పఠనం చదవడం, పూజ ముందు బల్లలు సర్దడం, ఏదైనా సరే. మీరు రాని ఆదివారం ఎందుకు రాలేదని అడిగే మనిషి ఒకరుండాలి. చివరి బల్ల మీద కొత్త ముఖం ఎవరైనా ఏ పాటో తెలియక అటూ ఇటూ చూస్తూ కనిపిస్తే, మీ పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి వాళ్ళ చేతికివ్వండి.