ఇంట్లో గన్ ఉందా? పిల్లల చేతికి అందకుండా ఇలా చేయండి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో దొంగల భయంతో గన్ కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. కొని, పరుపు కిందో, క్లోజెట్ పైఅరలో చీరల వెనకో పెట్టేసి పిల్లలకి తెలియదులే అనుకుంటారు. పండక్కి దాచిన స్వీట్ల డబ్బా ఎక్కడుందో కనిపెట్టేవాళ్లకి ఇది దొరకదా? మూడేళ్ల పిల్లలు కూడా ట్రిగ్గర్ నొక్కగలరు. టెక్సస్‌లో అయితే 17 ఏళ్ల లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే కేసు పెద్దవాళ్ల మీదే.

ముందు గన్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ (బుల్లెట్లు నింపే డబ్బా) తీసేస్తే అయిపోయిందనుకుంటారు చాలామంది, కానీ చాంబర్‌లో (గొట్టం వెనక బుల్లెట్ కూర్చునే చోట) ఒక బుల్లెట్ ఉండిపోవచ్చు, ప్రాణం తీసేది అదే. గొట్టం మనుషులు లేని వైపు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, మ్యాగజైన్ తీశాక స్లైడ్‌ని (గన్ మీద కదిలే పైభాగాన్ని) వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి.

తర్వాత సేఫ్‌లో పెట్టి తాళం వేయండి, బుల్లెట్లు వేరే పెట్టెలో వేరే తాళంతో. కోడ్‌గా పిల్లల పుట్టినరోజు, మీ పెళ్లిరోజు వద్దు. తాళంచెవి దేవుడి గదిలో పెడితే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. సేఫ్ కొనేదాకా కేబుల్ లాక్ (గన్ లోపలినుంచి దూర్చి వేసే తీగ తాళం) అయినా వేయండి, ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద చాలా ఊళ్లలో పోలీసులు ఉచితంగా ఇస్తారు. కారు గ్లవ్ బాక్స్‌లో, హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రం అస్సలు వదలొద్దు.

టీనేజ్ పిల్లలున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మార్కులనో, ఫ్రెండ్స్‌తో గొడవనో కుంగిపోయినప్పుడు వచ్చే చచ్చిపోవాలన్న ఆలోచన చాలాసార్లు కాసేపటికి తగ్గిపోతుంది, కానీ గన్ చేతికందితే ఆ కాసేపు గడవదు. పిల్లాడు ముభావంగా ఉంటున్నాడనిపిస్తే గన్‌ని కొన్నాళ్లు ఇంట్లోంచే పంపించేయండి, ఎవరి దగ్గర ఉంచొచ్చో మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. ఇలాంటి ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే ఏ వేళైనా మాట్లాడతారు.

మీ ఇంట్లో గన్ లేకపోయినా, పిల్లలు ఆడుకోడానికి వెళ్లే ఇంట్లో ఉండొచ్చు. మొహమాటపడకండి. "మా వాడికి పల్లీలు పడవండీ" అని చెప్పేటప్పుడే "మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి ఉంటుందా?" అని కూడా అడిగేయండి, పిల్లల డాక్టర్లు కూడా అడగమనే చెప్తారు. జవాబు తేడాగా ఉంటే వాళ్ల పిల్లల్నే మీ ఇంటికి రమ్మనండి.